నడుముకి తుపాకి కట్టుకొని తిరిగినవాడి మాట

సంపాదకుల వారికి,

నమస్కారం. అమెరికా కాలేజీల్లో చొక్కా చాటున తుపాకి పెట్టుకొని తిరగనివ్వాలా వద్దా అన్న వ్యాసం పోయిన వారం మీ పేపర్లో చదివాను. దాని మీద కావలి నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం మొన్న చదివాను. అక్కడి వర్జీనియా టెక్ యూనివర్సిటీలో కాల్పులు జరిగిన రోజు ఒక్క స్టూడెంట్ దగ్గర తుపాకి ఉన్నా అంతమంది చనిపోయేవాళ్ళు కాదని, మన కాలేజీల్లో కూడా కనీసం ప్రిన్సిపాల్‌కైనా లైసెన్సు ఇప్పించాలని ఆయన రాశారు. ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ ఆయన ఎప్పుడన్నా నడుముకి తుపాకి కట్టుకొని ఒక పూట తిరిగి ఉంటారా అని అనుమానం వచ్చింది. నేను తిరిగాను. ఒక పూట కాదు, ఆరేళ్ళు.

నేను ఆర్మ్‌డ్ రిజర్వులో పనిచేసి 2013లో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. 1995 డిసెంబర్ 1న ఒంగోలులో ఎంపీ మాగుంట సుబ్బరామిరెడ్డి గారిని నక్సలైట్లు కాల్చి చంపిన సంగతి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెద్దవాళ్ళెవరూ మరిచిపోయి ఉండరు. ఆ మరుసటి ఏడు నన్ను ఒక ఎమ్మెల్యే దగ్గర గన్‌మేన్‌గా వేశారు. యూనిఫాం లేదు, సఫారీ డ్రెస్సు. లోపల పాయింట్ త్రీ ఎయిట్ రివాల్వర్, అందులో ఆరు రౌండ్లు, పౌచ్‌లో ఇంకో ఆరు.

బయటినుంచి చూసేవాళ్ళకు అదొక దర్జా. మోసేవాడికి అదొక పుండు. ఎండాకాలం కలిగిరి, కొండాపురం రోడ్ల మీద జీపులో తిరుగుతుంటే హోల్‌స్టర్ తోలు కింద చెమట పట్టి ఒరుసుకుపోయేది. కుడి నడుము మీద రూపాయి బిళ్ళంత నల్లమచ్చ ఇప్పటికీ ఉంది. పెళ్ళిలో బంతిలో బాసింపట్టు వేసుకొని కూర్చోలేను, అది పక్కటెముకలో పొడుస్తుంది. నిలబడే తినేవాణ్ణి. పిల్లలు ఆడుకుంటూ వచ్చి కాళ్ళకు చుట్టుకుంటే ముందు వాళ్ళను దూరంగా తోసేవాణ్ణి, తర్వాత పలకరించేవాణ్ణి. ఇంకో సంగతి రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాస్తాను. దొడ్డికి పోయినప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలి? మేకుకి తగిలిస్తే మరిచిపోతామని భయం. కింద పెడితే తడి. ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న రోజులు ఎన్నో. ఒక్క రౌండ్ పోయినా మెమో, ఎంక్వయిరీ, సస్పెన్షన్. ఫైరింగ్ ప్రాక్టీసులో కాల్చిన రౌండ్ల ఖాళీ కేసులు కూడా ఏరి లెక్క అప్పచెప్పాలి. ఇరవై నాలుగు గంటలూ బుర్రలో ఒక మూల అదే. చొక్కా చాటున దాచి తిరిగే మనిషి దాన్ని మోస్తున్నాడనుకుంటారు అందరూ, నిజానికి అదే మనిషిని ఆడిస్తుంది.

అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు.

1998 ఫిబ్రవరిలో ఒక టౌన్లో డిగ్రీ కాలేజీ వార్షికోత్సవం. ఊరి పేరు రాయను. ఎమ్మెల్యే గారు ముఖ్య అతిథి. గ్రౌండులో షామియానా, ముందు వరుసల్లో ప్లాస్టిక్ కుర్చీలు, వెనక నిలబడి ఈలలేసే కుర్రాళ్ళు. నేను స్టేజీ మెట్ల పక్కన ఉన్నాను. డాన్సు ఎవరు ముందు చెయ్యాలన్నదాని మీద రెండు గ్రూపులకు సాయంత్రం నుంచే మాటా మాటా నడుస్తోంది. ఎనిమిదిన్నరకు కరెంటు పోయింది. పోయిన కాసేపటికే స్టేజీ వెనక ఢామ్మని పేలింది. ఆడపిల్లల కేకలు, కుర్చీలు విరుగుతున్న చప్పుడు, మైకులోంచి కుయ్యిమని శబ్దం. చెయ్యి నన్ను అడగలేదు. రివాల్వర్ బయటికి వచ్చేసింది.

చీకట్లో ఎవడో నా వైపే పరిగెత్తుకొస్తున్నాడు. చేతిలో పొడుగ్గా ఏదో ఉంది. నాటు తుపాకి అనుకున్నాను. "ఆగు" అని అరిచాను. ఆగలేదు. ఆ గోలలో వాడికి వినపడలేదని నాకు తట్టలేదు. ట్రిగ్గర్ సగం దాకా లాగాను. ఆ రివాల్వర్‌కి ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది, లాగేకొద్దీ సిలిండర్ తిరగడం వేలికి తెలుస్తుంది. తిరుగుతోంది. అప్పుడు జనరేటర్ వేశారు.

మైకుసెట్ వాళ్ళ కుర్రాడు. పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. జనం తొక్కి విరగ్గొడతారని మైకు స్టాండు భుజానేసుకొని పరిగెత్తుతున్నాడు. మూడు గజాల దూరంలో ఆగిపోయాడు. వాడు నా మొహం చూడలేదు, గొట్టం చూశాడు. స్టాండు అట్లాగే పట్టుకొని నిలబడ్డాడు. నేను వేలు మెల్లగా వదిలి రివాల్వర్ లోపల పెట్టుకొని, "పో, పోరా" అన్నాను. పోయాడు. స్టేజీ వెనక పేలింది దీపావళికి మిగిలిన లక్ష్మీ బాంబు. ఎవడో సరదాకి కాల్చాడు.

దారిలో ఎమ్మెల్యే గారు "ఏందయా, టపాకాయకే అట్ట అదిరిపోయినావు?" అని నవ్వారు. ఆయనకు తెలిసింది అంతే. నేను డైరీలో రాయలేదు, పై ఆఫీసరుకు చెప్పలేదు. ఆ రాత్రి లాడ్జిలో సిలిండర్ తెరిచి రౌండ్లు లెక్కపెట్టాను. ఆరూ ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. మా ఇంట్లో ఆమెకు కూడా రిటైరయ్యాకే చెప్పాను. ఇప్పుడు మీకు రాస్తున్నాను.

అప్పటికి నాది ఇరవై ఏళ్ళ సర్వీసు. ఏటా రేంజిలో కాల్చినవాణ్ణి, గురి బాగుంటుందని పేరున్నవాణ్ణి. టెక్సాస్‌లో దాచిన తుపాకితో క్యాంపస్‌లోకి రావడానికి కావలసిన లైసెన్సు సంగతి మా మనవరాలు చెబితే రాసుకున్నాను. నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, ఆపైన కాగితం బొమ్మ మీద 50 రౌండ్ల షూటింగ్, ఎక్కువలో ఎక్కువ 15 గజాల దూరం నుంచి. కాగితం బొమ్మ పరిగెత్తదు, కేకలు పెట్టదు, దాని చేతిలో మైకు స్టాండు ఉండదు. అక్కడ 2021 నుంచి బయట వీధిలో తిరగడానికి ఆ లైసెన్సు కూడా అక్కర్లేదు. ఆ ఏడు వచ్చిన చట్టం ప్రకారం 21 ఏళ్ళు నిండి, వేరే చట్టం అడ్డుపడని మనిషైతే చాలు. క్యాంపస్‌లోకి మాత్రం ఇంకా లైసెన్సు కావాలి. అదే నయం.

మా మనవరాలు అంటే మా పెద్దమ్మాయి కూతురు. టెక్సాస్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఎంఎస్ చేస్తోంది. పోయినేడు చేరిన కొత్తలో ల్యాబ్ తలుపు మీది బోర్డు ఫోటో పంపింది. ఇంగ్లిషులో ఒకసారి, స్పానిష్‌లో ఒకసారి, అంగుళం ఎత్తు అక్షరాలతో, ఈ గదిలోకి తుపాకి తేకూడదని. "చూశావా తాతా, ఎంత స్ట్రిక్టో" అని రాసింది. నాకు మాత్రం, ఆ బోర్డు లేని గదుల్లోకి తేవచ్చు కదా అని వెంటనే తోచింది. అడిగితే అవునంది. క్యాంపస్‌లోకి తుపాకి రానిచ్చే ఆ చట్టం మీద 2015లో టెక్సాస్ గవర్నర్ అబాట్ సంతకం పెట్టాడు, 2016 ఆగస్టు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానికి సరిగ్గా యాభై ఏళ్ళ ముందు, 1966 ఆగస్టు 1న, అదే టెక్సాస్‌లో ఆస్టిన్ యూనివర్సిటీ టవర్ 28వ అంతస్తు వసారాలో నిలబడి ఒకడు తొంభై ఆరు నిమిషాల పాటు కింద నడిచే జనాన్ని కాల్చాడు. తేదీ కావాలని పెట్టారో, కాకతాళీయమో గాని, చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

ఆ టవర్ సంగతి రెండు పక్షాలవాళ్ళూ చెబుతారు. తుపాకులు కావాలనేవాళ్ళు, ఆ రోజు ఊళ్ళోవాళ్ళు ఇళ్ళనుంచి రైఫిళ్ళు తెచ్చి కింద నుంచి కాల్చబట్టే పైనున్నవాడు తల దాచుకోవలసి వచ్చింది అంటారు. అది నిజమే, ఒప్పుకోవాలి. కానీ వాణ్ణి చంపడానికి పైకెక్కిన పోలీసులకు ఆ కింది నుంచి వచ్చే తూటాలే పెద్ద గండమయ్యాయి. ఒక పోలీసువాడిగా నాకు కనపడేది రెండోదే. ఒక చోట పదిమంది తుపాకులు తీసినప్పుడు దొంగ ఎవడో, దొర ఎవడో వచ్చే పోలీసుకు ఎట్లా తెలుస్తుంది? 2015 అక్టోబర్ 1న ఆరెగాన్ రాష్ట్రంలో అంప్క్వా కమ్యూనిటీ కాలేజీలో ఒకడు తొమ్మిది మందిని చంపాడు. ఆ రోజు లైసెన్సు తుపాకి ఉన్న ఒక మాజీ సైనికుడు అదే క్యాంపస్‌లో వేరే బిల్డింగులో ఉన్నాడు. బయటికి పోతే పోలీసులు తననే హంతకుడనుకొని కాలుస్తారని పోలేదు. పిరికితనం అంటారా? నేననను. యుద్ధం చూసొచ్చినవాడు గనకే ఆగాడు.

కావలి పాఠకుడు రాసిన వర్జీనియా టెక్ 2007 ఏప్రిల్ 16 నాటిది. 32 మంది పోయారు. వాళ్ళలో తమిళనాడులో పుట్టి అక్కడ పాఠాలు చెప్పే ప్రొఫెసర్ లోగనాథన్ గారూ ఉన్నారు, ముంబై నుంచి పోయిన ఒక విద్యార్థినీ ఉంది. అక్కడ తుపాకి తేకూడదన్న నిబంధన ఉంది, అయినా హంతకుడు రెండు పిస్తోళ్ళు తెచ్చాడు. చంపడానికి వచ్చినవాడు బోర్డు చదివి వెనక్కి పోడన్నది ఆ పాఠకుడి వాదన. దానికి నా దగ్గర జవాబు లేదు. అదే ఏడు డిసెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీలో ఇద్దరు తెలుగు పీహెచ్‌డీ పిల్లల్ని క్యాంపస్ అపార్టుమెంట్లోనే కాల్చి చంపారు. ఆ తల్లిదండ్రుల దగ్గర కూర్చొని నిబంధనల గురించి మాట్లాడే ధైర్యం నాకు లేదు. రాత్రి పది దాటాక లైబ్రరీ నుంచి పార్కింగు దాకా ఒంటరిగా నడిచే ఆడపిల్ల తన బ్యాగులో ఒకటి ఉంటే బాగుండుననుకుంటే తప్పేముంది? అక్కడ అట్లా అడిగే ఆడపిల్లలే చాలామంది ఉన్నారు. వాళ్ళను వెటకారం చెయ్యడం నాకు నచ్చదు.

అయితే ఈ గొడవంతా చదివేటప్పుడు మన తల్లిదండ్రులు గమనించని సంగతి ఒకటుంది. అందరికీ హక్కు, అందరికీ రక్షణ అని వాళ్ళు వాదించుకుంటుంటే, ఆ అందరిలో మన పిల్లలు లేరు. స్టూడెంట్ వీసా మీద పోయినవాళ్ళు తుపాకి గాని తూటా గాని దగ్గర పెట్టుకోకూడదని అక్కడి కేంద్ర చట్టం. వేట లైసెన్సు తీసుకున్నవాళ్ళకు మినహాయింపు ఉంది. ఎంఎస్ చదువుతూ, సాయంత్రాలు పార్ట్‌టైం పనులు చేసే మన పిల్లలకు జింకల వేటకు తీరికెక్కడ? కాబట్టి క్లాసులో పక్క కుర్చీవాడికి తుపాకి ఉండొచ్చు, ఎదుట నిలబడ్డ ప్రొఫెసర్‌కి ఉండొచ్చు, మన పిల్లకు ఉండదు. ఉండాలని నేను కోరడం లేదు సుమా. అట్లాంటాలో 2024లో ఒక తెలుగు విద్యార్థి సొంత తుపాకి చేతిలోనే పేలి చనిపోయాడని మనం పేపర్లలో చదివాం. నేను చెప్పేదల్లా, ఆ చట్టం వల్ల ఏదైనా లాభముంటే మనకు రాదు, నష్టముంటే మాత్రం వాటా ఉంటుంది.

నష్టం అంటే హత్యలే కానక్కర్లేదు. ఐడహో రాష్ట్రంలో ఇట్లాంటి చట్టం 2014 జులైలో అమల్లోకి వచ్చింది. సెప్టెంబరు మొదటి వారంలోనే పొకటెల్లోలోని యూనివర్సిటీలో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ క్లాసులో ఉండగా ఆయన జేబులో ఉన్న పిస్తోలు పేలి ఆయన పాదానికే తగిలింది. లైసెన్సు ఉన్న మనిషే. అదృష్టం బాగుండి పాదంతో పోయింది. ఆస్టిన్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన నోబెల్ బహుమతి గ్రహీత స్టీవెన్ వైన్‌బెర్గ్ తన క్లాసులోకి తుపాకి రానివ్వనని అందరి ముందూ చెప్పారు. ముగ్గురు ప్రొఫెసర్లు కోర్టుకు పోయారు, 2018లో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయారు. మార్కుల గురించి గట్టిగా మాట్లాడలేమేమో అన్నది వాళ్ళ బాధల్లో ఒకటి. కాపీ స్లిప్పు లాక్కున్నందుకు గేటు బయట కాపుకాసే కుర్రాళ్ళను ఇక్కడ చూసిన నాకు ఆ భయం కొత్తగా అనిపించలేదు.

ఇక మన కాలేజీల్లో ప్రిన్సిపాల్‌కి లైసెన్సు సంగతి. మా పెదనాయనకు ఉదయగిరి పక్కన చెనక్కాయ చేను ఉండేది. అడవి పందుల బెడదకు లైసెన్సు మీద ఒక సింగిల్ బ్యారెల్ తుపాకి పెట్టుకున్నాడు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని గోనెపట్టాలో చుట్టి, సైకిలు రాడ్డుకి కట్టి, స్టేషన్లో అప్పచెప్పి రసీదు తెచ్చుకునేవాడు. ఆ లైసెన్సు పుస్తకం వెనక షరతులు ఉంటాయి. నేను ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్ళకు, లైసెన్సులు చూసే పని పడినప్పుడు, సరిగ్గా చదివాను. కలెక్టరు ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప ఆయుధాన్ని సంతకు, దేవుడి ఊరేగింపుకు, జనం గుమిగూడే చోటికి, విద్యాసంస్థ ఆవరణలోకి తీసుకుపోకూడదు. అమెరికాలో ఇన్నేళ్ళుగా కొట్టుకుంటున్న విషయం మన లైసెన్సు పుస్తకంలో ఒక షరతుగా ఉంది, ఎవరూ చదవరు. పైగా 21 ఏళ్ళు నిండనిదే లైసెన్సే రాదు. మన డిగ్రీ కాలేజీల్లో ఆ వయసు దాటినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఆ షరతులో సంత, ఊరేగింపు, కాలేజీ ఒకే వరసలో ఎందుకున్నాయో నాకు నెల్లూరు రొట్టెల పండుగ బందోబస్తులో తెలిసింది. చెరువు గట్టున ఇసుకేస్తే రాలని జనం. మా ఇన్‌స్పెక్టర్ గారు జనంలోకి దిగేవాళ్ళ దగ్గర ఆయుధాలు తీసేయించి లాఠీలు ఇచ్చారు. ఎందుకు సార్ అంటే, "నీ చేతులు రెండూ పిల్లల్ని ఎత్తుకోవడానికి కావాలి, తుపాకి పట్టుకోవడానికి మూడోది తెస్తావా?" అన్నారు. ఇంకో మాట ఆయన అనలేదు గాని మా అందరికీ తెలుసు. గుంపులో నడుముకి ఉన్న తుపాకి మనదే అనుకోవడానికి లేదు. ఎవడు లాక్కుంటే వాడిది.

మీ పేపరుకు ఒక మనవి. మాగుంట లేఅవుట్లో మా మనవరాలిని తీసుకుపోయిన కన్సల్టెన్సీ వాళ్ళు అద్దెలు చెప్పారు, ఇండియన్ స్టోర్లు చెప్పారు, చలికి ఏ కోటు కొనాలో చెప్పారు. ఏ రాష్ట్రంలో క్యాంపస్‌లోకి తుపాకి వస్తుందో ఒక్క ముక్క చెప్పలేదు. నేను అడిగితే ఆ అబ్బాయి, "అంకుల్, టెన్షన్ పడకండి, అంతా సేఫ్" అన్నాడు. టెక్సాస్, జార్జియా, కాన్సాస్, యూటా, ఐడహోలలో ప్రభుత్వ యూనివర్సిటీలకు తేవచ్చు. కాలిఫోర్నియా, న్యూయార్క్, ఇల్లినాయ్‌లలో కూడదు. కొన్ని చోట్ల యూనివర్సిటీ ఇష్టానికి వదిలేశారు. టెక్సాస్‌లోనే ప్రైవేటు యూనివర్సిటీలు కావాలంటే వద్దనవచ్చు, చాలావరకు వద్దన్నాయి కూడా. అడ్మిషన్ల సమయంలో మీ విద్య పేజీలో ఫీజుల పట్టిక వేస్తారు గదా, దాని పక్కన ఈ సంగతి కూడా ఒక గడిలో వెయ్యండి. దాన్ని చూసి ఎవరూ ప్రయాణం మానుకోరు, మా పిల్ల కూడా మానుకునేది కాదు. కనీసం తెలిసి పోతారు.

దసరాకు వీడియో కాల్‌లో మా పిల్ల అడిగింది, "తాతా, పక్కనోళ్ళ దగ్గర ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది?" అని. తెలియకూడదనే గదమ్మా దాచేది అన్నాను. ఊరుకోలేదు, నువ్వు గన్‌మేన్‌వి గదా చెప్పమంది. చెప్పాను. చొక్కా ఒక పక్కే బిగుసుకుంటుంది. ఆ పక్క చెయ్యి నడకలో సరిగ్గా ఊగదు. అన్నిటికన్నా ముఖ్యం, కుర్చీలోంచి లేచేటప్పుడు చెయ్యి ఒకసారి నడుము మీదికి పోతుంది, ఉందా లేదా అని. ఎంత శిక్షణ ఇచ్చినా అది పోదు. రిటైరై ఇన్నేళ్ళయింది, పెళ్ళిలో భోజనం చేసి లేచేటప్పుడు నా చెయ్యి ఇప్పటికీ పోతుంది. మా ఇంట్లో ఆమె చూసి నవ్వుతుంది.

పోయిన వారం మా మనవరాలు మళ్ళీ ఫోన్ చేసింది. లైబ్రరీలో ఎదురు టేబుల్ దగ్గర ఒక కుర్రాడు లేస్తూ చెయ్యి నడుము మీద పెట్టుకున్నాడట. పుస్తకాలు సర్దుకొని పై అంతస్తుకు పోయి కూర్చుందట. వాడికి నడుము నొప్పేమో, పాపం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఏఆర్ హెడ్ కానిస్టేబుల్,
వేదాయపాళెం, నెల్లూరు
(పేరు ప్రచురించవద్దని మనవి)